అట్టల కింద నవలలు

నాకు ముక్కుమీద కోపమని మా బడిలో పిల్లలందరికీ తెలుసు. రిటైరై ఇన్నేళ్ళయినా చింత చచ్చినా పులుపు చావలేదని నా పాత విద్యార్థినులు మొహం మీదే అంటారు. అననీ. ఆ కోపం వల్లే నేను ఒక ఏడాది పొడుగునా పదిహేను పదహారేళ్ళ పిల్లల నవలలు చదవాల్సి వచ్చింది. గొప్పగా చెప్పుకోదగ్గ పనులు నా ఉద్యోగంలో మరీ ఎక్కువేం లేవు. ఉన్నవాటిలో ఇది మొదటిది. వినయంగా చెప్పుకోవడం నాకు రాదు కాబట్టి, గర్వంగానే చెబుతాను.

డెబ్భైల నడిమి రోజులవి. బెజవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్ని. గుణదలలో చిన్న అద్దె వాటాలో నేనూ మా అమ్మా ఉండేవాళ్ళం. నాన్న పోయాక కంకిపాడు దగ్గరున్న ఇల్లు అన్నయ్యకి అప్పజెప్పి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరన్నా అడిగితే అమ్మే జవాబు చెప్పేది. నేను చెబితే ఆ అడిగినవాళ్ళు మళ్ళీ మా గడప తొక్కరని ఆవిడ భయం.

నవలలంటే నాకు చిన్నచూపు. అప్పట్లో ఊరంతా నవలల పిచ్చిలో ఉండేది. వారపత్రిక వచ్చే రోజున మా వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఎదురుచూసేవారు. సందుకొక అద్దె పుస్తకాల కొట్టు. మా హాస్టలు పిల్లలకి ఆ కొట్ల దాకా వెళ్ళే వీలెక్కడిది? అందుకని వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు పాత వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాఠ్యపుస్తకాలకి వేసే ఖాకీ కాగితమే వాటికీ అట్టగా వేసేవారు. పైన లేబుల్ అంటించి ‘భూగోళం’ అనో ‘సామాన్యశాస్త్రం’ అనో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. ఒక పిల్ల తెచ్చిన భూగోళం హాస్టలంతా తిరిగి, చివరికి ఎవరి దగ్గర ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ నవలలు పిల్లల పుస్తకాలూ కావు, పెద్దవాళ్ళ పుస్తకాలూ కావు. అందులో అమ్మాయికి పదహారో పదిహేడో ఉండేవి. చదువుకోవాలనుండేది, ఎవరో ఒకరి మీద ఇష్టం ఉండేది, ఇంట్లోవాళ్ళకి ఆ రెండూ గిట్టేవి కావు. ఈ రోజుల్లో అలాంటివాటికి విడిగా ఒక పేరూ, షాపుల్లో విడిగా ఒక అరా ఉన్నాయట. మాకప్పుడు పేరేం లేదు. పెద్దవాళ్ళు చెత్త అనేవారు, అంతే. నేనూ అనేదాన్ని.

ఆ ఏడు బళ్ళు తెరిచిన కొత్తలో వార్డెన్ గారు పదో తరగతి అమ్మాయి ట్రంకుపెట్టెలో అలాంటి భూగోళం ఒకటి పట్టుకున్నారు. ఆ అమ్మాయి చల్లపల్లి అవతల ఒక పల్లెటూరి రైతు కూతురు. వాళ్ళ వంశంలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. క్లాసులో అందరికంటే ముందుండేది. నేనడిగినదానికి జవాబు చెప్పి కూర్చోకుండా తిరిగి నన్నే ఒక ప్రశ్న అడిగేది. పైకి కసిరినా నాకు అలాంటి పిల్లలంటే ప్రాణం. హెడ్మిస్ట్రెస్ గారు తండ్రికి కబురు పెట్టారు. క్లాసు టీచర్ని కాబట్టి నన్నూ పిలిచారు.

ఆయన పొద్దుటి బస్సుకే వచ్చేశారు. తెల్లటి పంచె, భుజం మీద కండువా, చేతిలో గొడుగు. విషయం విని తల పంకించారు.

“మా ఊళ్ళో ముందే అన్నారండీ, ఆడపిల్లని బెజవాడ పంపితే నవలలు చదివి చెడిపోద్దిరా అని. నేనే వినలా. చదివింది చాలండీ. పెట్టె ఇప్పించండి, తీసుకెళ్ళిపోతా.”

అమ్మాయి గుమ్మం పక్కన నిలబడి వోణీ అంచులో దారం పీకుతోంది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు అంత మండేది కాదేమో. హెడ్మిస్ట్రెస్ గారు నోరు విప్పకపోయేసరికి నాకు తిక్క రేగింది.

“ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుందండీ మీ వరస. ఆ పుస్తకంలో ఏముందో చూశారా?”

“చూడటానికేముందండీ, చెత్త,” అని ఆయన బల్ల మీదున్న పుస్తకాన్ని చేత్తో ఒక్క తోపు తోశారు. అది జారి కింద పడింది. ఆయన విసురుగా లేచారు. లేవడంలో కాలు దానికి తగిలింది. అంత కోపంలోనూ ఆగి, వంగి, పుస్తకం తీసి రెండు కళ్ళకీ అద్దుకున్నారు. మన దగ్గర కాలు తగిలిన కాగితాన్ని కళ్ళకద్దుకోకుండా వదిలేసేవాళ్ళు ఉండరు, వాళ్ళకి చదువొచ్చినా రాకపోయినా. మేం క్రైస్తవులం, మా ఇంట్లోనూ అంతే.

అద్దుకున్నాక ఆయనకే తెలిసింది తనేం చేశారో. పుస్తకం చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఊరుకోవచ్చు కదా నేను. ఊరుకుంటే నేనెందుకవుతాను?

“చెత్తన్నారు, కళ్ళకద్దుకున్నారు. ఈ రెండిట్లో ఏది ఖాయం చేసుకోమంటారండీ?”

హెడ్మిస్ట్రెస్ గారు నా వైపు ఉరిమి చూశారు. ఆయన మాత్రం కోప్పడలేదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, లేబుల్ మీద కూతురి దస్తూరీ కాసేపు చూసి, నన్నడిగారు.

“మీరు చదివారా టీచరుగారూ ఇది?”

“లేదండీ.”

“మరి మీకూ తెలవదు, నాకూ తెలవదు. నేనంటే కూడబలుక్కుని సంతకం పెట్టేవాణ్ణి. మీరు చదవగలరుగా. చదివి, ఇందులో తప్పేం లేదని మీ నోటితో మీరంటే పిల్లనుంచుతా. ఇదొక్కటే కాదండోయ్. ఈ ఏడంతా అది ఏ కథల పుస్తకం పట్టుకున్నా ముందు మీరు చదవాలి. నేను నెలకోసారి వత్తా. మీరు నాకు ఆ కథ చెప్పాలి. ఎక్కడన్నా తేడా వచ్చిందో, ఆ పూటే తీసుకుపోతా.”

“సరే,” అన్నాను. అమ్మాయి మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. పరీక్షలయ్యే దాకా ఆ పిల్ల చదువు నా నోటి మీద ఆధారపడి ఉందన్నమాట. నా నోటి సంగతి తెలిసినవాళ్ళెవరూ అలాంటి ఏర్పాటుకి ఒప్పుకోరు.

ఇంటికెళ్ళి సంగతి చెబితే అమ్మ, “కందకు లేని దురద కత్తిపీటకెందుకే. వాళ్ళ పిల్ల, వాళ్ళ పుస్తకం,” అంది. నేను కాఫీ తాగి వరండాలో కూర్చుని ఆ భూగోళం తెరిచాను. అమ్మాయి కాలేజీలో చదువుతుంది. అబ్బాయి కారులో తిరుగుతాడు. అతని పక్కన ఇంకో అమ్మాయిని చూసి ఈ అమ్మాయి అపార్థం చేసుకుంటుంది. ఆవిడెవరని ఒక్క మాట అడిగితే తేలిపోయేదాన్ని సగం పుస్తకం దాకా సాగదీశారు. ‘అడిగి చావవే’ అని పైకే అన్నాను. వంటింట్లోంచి అమ్మ ఎవరితోనే అని అడిగింది.

విసుక్కుంటూనే చదివాను. తీరా ఆ అమ్మాయి అడగబోయే చోటికి వచ్చేసరికి తర్వాతి వారం పేజీలు లేవు. మర్నాడు నా దొంగభూగోళం పిల్లని పిలిచి అడిగాను.

“ఆ వారం మా ఊరికి పుస్తకం రాలేదండీ. ఆ ముక్క మేం ఊహించుకుని చదూకుంటాం.”

నేను సోషల్ టీచర్ని, ఊహించుకోవడం నాకు చేతకాదు. ఆ సాయంత్రం వీధిలో ఇల్లిల్లూ తిరిగాను, పాత పత్రికలు ఉన్నాయా అని. నవలలు చదివేవాళ్ళని వేళాకోళం చేసే పంతులమ్మ గుమ్మంలోకి వచ్చి సీరియల్ అడుగుతుంటే వాళ్ళకెంత సరదాగా ఉంటుంది? చివరికి పక్కవాటావిడ నవ్వాపుకుంటూ వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆ వారం పత్రిక ఆవిడ వంటింటి అరల్లో పరిచి ఉంది. కందిపప్పు డబ్బా జరిపి ఒక పేజీ, చింతపండు జాడీ జరిపి ఒక పేజీ, మెడ పక్కకి వంచి మొత్తం చదివాను. ఆవిడ పక్కన నిలబడి నూనె మరకల్లో అక్షరాలు తనకు గుర్తున్నంత వరకు పూరించింది. అడిగింది ఆ అమ్మాయి. అతని చెల్లెలట. నాకు ఎంత హాయనిపించిందో చెప్పలేను.

మొదటి నెల ఆయన అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చారు. మధ్యాహ్నం బెల్లులో స్టాఫ్‌రూమ్ బయట బెంచీ మీద కూర్చున్నారు, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టి. నేను ఇంకో చివర కూర్చుని పాఠం చెప్పినట్టు కథ చెప్పాను. ఆయన బుద్ధిగా ఊఁ కొట్టారు. అంతా విని ఒకటే అడిగారు.

“ఆ కుర్రాడికి పనీపాటా ఏం లేదాండీ? ఎప్పుడు చూసినా కారేసుకుని తిరుగుతాడేం?”

“అదే నాకూ అర్థం కాలేదండీ,” అన్నాను. నిజంగానే అర్థం కాలేదు. ఆ ఏడు నేను చదివిన పుస్తకాల్లో పని చేసే మగపిల్లాడు ఒకరో ఇద్దరో.

“తప్పేం లేదుగా?”

“తెలివితక్కువతనం ఉంది. తప్పు లేదు.”

ఆయన నవ్వి లేచారు. అలా మొదలైంది. నెలనెలా ఆయన రావడం, నేను చెప్పడం. రెండు మూడు నెలలకి తోటి టీచర్లు కూడా క్యారేజీలు తెచ్చుకుని ఆ బెంచీ దగ్గరే తినడం మొదలుపెట్టారు. వాళ్ళకీ కథ కావాలి, అడగడానికి నామోషీ.

ఆ పుస్తకాల్లో చెత్త ఉంది, లేదనను. కానీ చెత్తెక్కువా మంచెక్కువా అంటే నా లెక్క ఆ ఏడాదిలో తారుమారైంది. వాన కురిసిన రోజు బడికి ఒక్కతే వచ్చిన పిల్ల, ఖాళీ గదిలో బల్లలన్నీ తుడిచి టీచరు కుర్చీలో కూర్చుని చూసే కథ ఒకటుంది. తల్లికి చదువు నేర్పుతూ విసుక్కుని, ఆ తల్లి తనని చిన్నప్పుడు విసుక్కోలేదని గుర్తొచ్చి ఆగిపోయే పిల్ల కథ ఒకటుంది. నేను ఇరవై దాటాక పెద్ద పుస్తకాలే చదివాను, రాజుల చరిత్రలూ యుద్ధాలూ. అందులో ఎవరూ పదిహేనేళ్ళ ఆడపిల్ల ఏం అనుకుంటుందో పట్టించుకోలేదు. ముప్ఫై దాటాక, నాకు పదిహేనేళ్ళప్పుడు నేనేం అనుకున్నానో ఆ కుట్టుపుస్తకాల్లో దొరికింది. కొన్ని సాయంత్రాలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చునేదాన్ని. అమ్మ చూసి చూడనట్టు లోపలికి వెళ్ళిపోయేది.

ఒక్కదాన్ని మాత్రం నేను వద్దన్నాను. అందులో అబ్బాయి చెంప మీద కొడితే అమ్మాయికి తను అతన్ని ప్రేమిస్తున్నట్టు తెలుస్తుంది. ప్రేమ ఉన్నందుకు కాదు, ఆ దెబ్బకి ఆ పిల్ల మురిసిపోయినందుకు వద్దన్నాను. మా అమ్మాయి ఊరుకుందా?

“చదవకుండా అది చెడ్డదని నాకెలా తెలుస్తుందండీ? మీరు చదివితే మీకు తెలిసింది.”

నా దగ్గర నేర్చుకున్న ఎదురు మాట నాకే తగిలింది. సరే చదువు, కానీ చదివాక ఏం తప్పో నాకు చెప్పాలన్నాను. చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. ‘ఆ అబ్బాయి చెడ్డవాడని రాస్తే బాధ లేదండీ, మంచివాడని రాశారు, అదీ తప్పు,’ అంది. ఆ మాట తండ్రికి నేను ఉన్నదున్నట్టు చెబితే ఆయన గొడుగు కర్రని నేలకేసి కొట్టారు.

“మా పిల్లని ఎవడన్నా అట్టా కొడితే కాళ్ళిరగ్గొట్టి కూర్చోబెడతా,” అన్నారు. ఆ తర్వాత కాస్త మెత్తగా, “అది అంత మాటందా?” అని మళ్ళీ చెప్పించుకున్నారు.

ఇంట్లో మా అమ్మ సంగతి వేరే చెప్పాలి. ఆవిడకి చూపు ఆనదు. కత్తిపీట సామెత చెప్పిన మనిషే దసరా సెలవుల నాటికి, పైకి చదవవే నాకూ వినపడేట్టు అని మొదలుపెట్టింది. కథలో మనుషుల్ని మా బంధువుల్లా లెక్కేసేది. ‘ఆ మేనత్త మంచిది కాదు, నేను ముందే చెప్పాను,’ అనేది అన్నం తింటూ. పుస్తకాన్ని తన బైబిలు పక్కనే పెట్టుకునేది, నేను బడికెళ్ళినప్పుడు పోకుండా.

మేరీమాత తిరునాళ్ళకి గుణదలలో ఉన్నవాళ్ళ ఇళ్ళు చుట్టాలతో నిండిపోతాయి. ఆ ఏడు కంకిపాడు నుంచి పిన్ని వాళ్ళంతా దిగారు. సాయంత్రం జపానికి అందరం చాప మీద కూర్చున్నాం. పిన్ని అమ్మ బైబిలు పక్కనున్న ఖాకీ అట్ట పుస్తకం చూసి ప్రార్థన పుస్తకం కాబోలనుకుని భక్తిగా ముద్దు పెట్టుకుని, గురుతు పెట్టిన చోట తెరిచి, గట్టిగా రాగం తీసి చదివింది.

“వర్షం ఆగలేదు. అతడు గొడుగు ఆమె చేతికిచ్చి, తాను తడుస్తూ వెళ్ళిపోయెను...”

‘వెళ్ళిపోయాడు’ అని ఉన్నదాన్ని కూడా తనే సర్దుకుని ‘వెళ్ళిపోయెను’ చేసింది. తర్వాతి వాక్యం చూసి ఆగిపోయింది. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. “ఇది ఏ సువార్తలోదే అక్కా?” అంది.

అమ్మ తొణకలేదు. “తర్వాత చెప్తా గానీ ముందు పరలోక జపం కానీ,” అంది. జపం అయింది. ఆమెన్ అనడం పూర్తయ్యీ అవకుండానే పిన్ని నా వైపు జరిగింది.

“ఇంతకీ ఆ గొడుగు తిరిగిచ్చిందా ఆ పిల్ల?”

మేమంతా ఇలా నవ్వుకుంటున్న రోజుల్లోనే అసలు సంగతి పీకల మీదికొచ్చింది. కొత్త సంవత్సరం మొదట్లో వచ్చినప్పుడే ఆయన కథ విన్నాక మామూలుగా అన్నారు, పరీక్షలవగానే అమ్మాయిని బావమరిది కొడుక్కి ఇచ్చేస్తున్నామని.

“మేనరికమండీ. పుట్టినప్పుడే అనుకున్నది. మంచి కుర్రాడు.”

“ఇంటరు చదివించరా?”

“పదోది చదివిస్తన్నాగా,” అన్నారు ఆశ్చర్యంగా. ఆయన ఒప్పందం తప్పలేదు మరి. పరీక్షల దాకా అన్నారు, పరీక్షల దాకా ఉంచుతున్నారు. నేనేమని అడగను?

తిరునాళ్ళయిన వారం అమ్మాయి నా దగ్గరికి ఒక పుస్తకం పట్టుకుని వచ్చింది. చదివాను. ఒక పల్లెటూరి పిల్లకి మేనబావతో పెళ్ళి ఖాయం చేస్తారు. ఆ పిల్లకి బావ మీద కోపమేం లేదు. చదువుకోవాలి, అంతే. అడిగితే తండ్రి వినడు. తెల్లవారుజామున బయల్దేరి రైలెక్కి పట్నం వెళ్ళి కాలేజీ గేటు ముందు నిలబడుతుంది. అక్కడికి పుస్తకం అయిపోతుంది. ఆ ఏడు నేను చదివినవాటిలో అంత బాగా రాసింది ఇంకోటి లేదు.

అమ్మాయిని పిలిచి అడిగాను. “ఇది కావాలనే తెచ్చావా?”

“అవునండీ.”

“నీకు చదవడానికా, మీ నాన్నకి చెప్పించడానికా?”

“నేను నోరు తెరిస్తే ఎదురు చెప్పినట్టవుద్దండీ. మీరు చెబితే కథేగా.”

“విని, నిన్ను ఆ పూటే తీసుకుపోతే? కాలేజీ మాట దేవుడెరుగు, పరీక్ష కూడా పోతుంది. తెలుసా?”

“తెలుసండీ. చెప్పండి.”

ఆ వయసులో నాకు అంత ధైర్యం లేదు. ఆ పిల్లని చూసి ఛాతీ ఉప్పొంగింది, అదే క్షణంలో భయమూ వేసింది. హెడ్మిస్ట్రెస్ గారికి చెబితే ఆవిడ తల పట్టుకున్నారు.

“కొరివితో తల గోక్కోవడమే. బడిలో మొదటి మార్కు వచ్చే పిల్ల. ఈ ఒక్కసారికీ ఇంకో కథేదో చెప్పు. లేదా చివర మార్చి చెప్పు, తండ్రి మాట విని పెళ్ళి చేసుకుందని. ఆయన చదివి చూడబోయాడా?”

ఆయన చదవలేడు కాబట్టే మార్చి చెప్పలేనన్నాను. ఏడాది పొడుగునా నా నోటిని నమ్మి బస్సెక్కి వచ్చే మనిషి ఆయన.

ఆ నెల ఆయన వచ్చారు. టీచర్లని బెంచీ దగ్గరికి రావద్దన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేనబావ అనేసరికి ఊఁ కొట్టడం ఆపేశారు. రైలెక్కిందనేసరికి గొడుగు పిడి మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. కాలేజీ గేటు దగ్గర నేను ఆపాను.

“తర్వాత?”

“అయిపోయిందండీ. ఆ రచయిత్రి అక్కడికే రాశారు.”

“ఆ తండ్రి ఏమయ్యాడు?”

“రాయలేదండీ.”

“బావమరిదికి మొహం ఎట్టా చూపించాడు? ఊళ్ళో ఎట్టా తిరిగాడు?”

“అదీ రాయలేదండీ.”

“అయితే ఆ రాసినావిడకి తండ్రి అక్కర్లేదన్నమాట.”

ఆయనన్నది నిజం. ఆ ఏడు నేను చదివిన నవలలన్నిట్లోనూ తండ్రి మొదట్లో ఒకసారి దగ్గుతాడు, మధ్యలో ఒకసారి అరుస్తాడు, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండడు. అది నాకు అంతకు ముందు తట్టలేదు.

ఆయన లేచి నిలబడ్డారు. “ఒప్పందం ప్రకారం అడుగుతున్నా. ఇందులో తప్పుందా టీచరుగారూ? మీ నోటితో చెప్పండి.”

“లేదండీ. ఆ పిల్ల చేసింది తప్పు కాదు,” అన్నాను.

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. కూతుర్ని తీసుకుపోలేదు, పలకరించనూ లేదు. అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మరుసటి నెల ఆయన రాలేదు. ‘నేను చెప్పానా’ అని హెడ్మిస్ట్రెస్ గారు అనలేదు గానీ ఆవిడ మొహం అంది. అమ్మాయి ఏమీ అడగకుండా చదువుకుంది. చివరి పరీక్ష రోజున ఆయన రిక్షా తీసుకుని వచ్చి పెట్టె ఎక్కించి పిల్లని తీసుకుపోయారు. నేను గేటు దాకా వెళ్ళేసరికి రిక్షా కదిలింది. అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఆయన చూడలేదు. ఆ వేసవంతా నేను ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేదు. ఒకరోజు కోపం పట్టలేక ఆ కుట్టుపుస్తకాన్ని మూలకి విసిరేశాను. “అదేం చేసిందే నిన్ను? కాలూ చెయ్యీ లేనిది,” అని అమ్మే లేచి తీసి దులిపి పెట్టింది.

ఫలితాలు పేపర్లో పడిన రోజు ఆ పిల్ల నంబరు మొదటి తరగతి కిందే వెతికాను. ఉంది. పక్కవాటావిడని పిలిచి చూపించాను, పాలవాడిని పిలిచి చూపించాను. చూపించడం అయ్యాక లోపలికెళ్ళి కూర్చుని ఏడ్చాను. ఏం లాభం, ఈపాటికి పందిరి వేసి ఉంటారు అనుకున్నాను.

బళ్ళు తెరిచాక ఒక మధ్యాహ్నం ప్యూను వచ్చి మీకోసం ఎవరో వచ్చారని చెప్పాడు. వెళ్ళి చూస్తే వరండాలో ఆయన, పక్కన ట్రంకుపెట్టె మీద చెయ్యేసి అమ్మాయి. దాని మెళ్ళో పసుపుతాడు లేదు. నేను ముందు చూసింది అదే.

“ఇంటర్లో చేర్పిద్దామనండీ,” అన్నారాయన. “కాలేజీలో నాకేం మాట్లాడాలో తెలవదు. మీరు తోడొత్తే బాగుంటది.”

సెలవు చీటీ రాయడం కూడా మర్చిపోయి వాళ్ళతో రిక్షా ఎక్కాను. కాలేజీలో అమ్మాయి లోపల వరసలో నిలబడింది. మేమిద్దరం వరండా చివర నీడలో నిలబడ్డాం. నాకు అడగాలని ఉంది, అడిగే ధైర్యం లేదు. కాసేపటికి ఆయనే చెప్పారు, వరసలో ఉన్న కూతురి మీంచి చూపు తిప్పకుండా.

“మా బావమరిది మాటలు మానేశాడండీ. మా ఆవిడ పుట్టింటికి పోవటం మానేసింది. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అంటన్నారు. అంటే అననీ. మా పిల్ల చెప్పకుండా ఎల్లిపోలేదు. నేనే బస్సెక్కించి తీసుకొచ్చా.”

“అవునండీ,” అన్నాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. “ఆ పుస్తకం రాసినావిడ ఎప్పుడన్నా మీకు కనపడితే ఒక మాట చెప్పండి టీచరుగారూ. ఆ తండ్రి బాగానే ఉన్నాడని చెప్పండి.”

చెబుతానని మాటిచ్చాను. ఆవిడ నాకెప్పుడూ కనపడలేదు. ఎక్కడుంటారో, అసలున్నారో లేదో కూడా తెలియదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, ఆ తండ్రి బాగానే ఉన్నాడు.